చేతులు కనిపిస్తే చాలదన్నాను

నేను చెబుతుంటే పక్కింటి కోడలు రాస్తోంది. సంతకం తప్ప నాకు రాత రాదు.

నా కూతురికి పుట్టుకతోనే వినబడదు. వాళ్ల నాన్న పోయాక నాచారంలో మందుల కంపెనీలో ప్యాకింగ్ పని చేసి దాన్ని చదివించాను. మా మాటలన్నీ చేతులతోనే. ఆ సైగలు కూడా మేమిద్దరం కల్పించుకున్నవే. దానికి విశాఖలో ఉద్యోగం వచ్చిందంటే గుండెల్లో రాయి పడింది. అది మెసేజ్ పెడితే నేను చదవలేను, నేను ఫోన్ చేస్తే అది వినలేదు. వీడియో పెడదామంటే సిగ్నల్ తగ్గగానే చేతులు అలికేసినట్టు అయిపోయేవి. మాట కలవకపోతే పంపేది లేదని తేల్చేశాను.

అప్పుడే ఉప్పల్‌లో వీడియోల మీద పరిశోధన చేసే ఒకమ్మాయి మా ఇంటికి వచ్చింది. మా అమ్మాయి చదివిన బడివాళ్లే పంపారు. సిగ్నల్ తక్కువున్నా చేతులు స్పష్టంగా కనబడే వీడియో కాల్ తయారుచేస్తున్నారట. నన్ను వంటింట్లో, కూతుర్ని మేడ మీద ఉంచి ఫోన్‌లో మాట్లాడించింది. నాలుగు రోజులు ఓ మూల కూర్చుని చూసింది, ఒక్కసారీ మధ్యలో దూరలేదు. చివరికి అంది:

"అమ్మా, ఒక చేత్తో ఫోన్ పట్టుకుంటున్నారు. సగం మాటలు అక్కడే పోతున్నాయి."

నిజమే! ఇన్నాళ్లూ నాకు తట్టలేదు. ఫోన్‌ను బియ్యం డబ్బాకు ఆనించి తన కొత్త వీడియో కాల్‌లో మేడ మీది కూతుర్ని చూపించింది. వేళ్లు ఎంత బాగా కనబడ్డాయో! మొహం మాత్రం మసక.

"చేతులు మస్తుగున్నయ్ బిడ్డా. మొఖమేది?"

"సిగ్నల్ చాలదమ్మా. ఉన్నదంతా చేతులకే ఇచ్చాం."

"కనుబొమ్మలు లేపితేనే అడిగినట్టు. గవి కనబడకుంటే అది తిన్నవా అంటుందో, తిన్న అంటుందో నాకేమెరుక? గింత సదివినవ్, గది సూడలే?"

అప్పుడే మేడ దిగొచ్చిన కూతురు నా వాలకం చూసి నవ్వింది. ఆ అమ్మాయి చిన్నబుచ్చుకోలేదు. "మళ్లీ చెప్పండమ్మా" అని పుస్తకం తీసి ప్రతి మాటా రాసుకుంది. చదువంటే అదీ అనుకున్నాను.

కొన్నాళ్లకు మళ్లీ వచ్చింది. ఈసారి మొహమూ చేతులూ తేటగా ఉన్నాయి, వెనక గోడే మసక. గోడ ఎవరిక్కావాలి!

దూరం నుంచి ఎలా ఉంటుందో పరీక్షించడానికి కూతురు చెంగిచెర్లలో స్నేహితురాలింటికి వెళ్లి వీడియో కాల్ చేసింది. విశాఖ వెళ్లనా అని అడిగింది. అడుగుతోందని నాకు స్పష్టంగా తెలిసింది. వెళ్లమన్నాను. వెంటనే ఏ బట్టలు సర్దాలో, దుప్పటి కొనాలా వద్దా అని మొదలుపెట్టింది. పరీక్ష అయిపోయిందని ఆ అమ్మాయి చెప్పినా మేం ఆపలేదు.