తణుకూ మొగల్తూరూ ఇరుగుపొరుగైన పూట

ఆ రోజు ఉదయం పదింటికే వీరదుర్గ నెత్తిన పిడుగు పడింది. తణుకులో కేబుల్ ఇంటర్నెట్ ఆఫీసు నడిపే ప్రసన్నకుమార్ గారు లోపలికొస్తూనే చల్లగా ఒక కబురు చెప్పారు. విజయవాడ నుంచి ఇంజినీరు బయల్దేరాడట, ఒంటిగంటకల్లా వస్తాడట. అతనొచ్చి మొగల్తూరు లైను సరిచేస్తే, ఇక ఏడాది పొడుగునా నెట్‌వర్క్ పనంతా అతనికే. వీరదుర్గ మళ్ళీ ఫోన్ల దగ్గర కూర్చోవాలి.

ఫోన్ల దగ్గర కూర్చోవడమంటే ఏమిటో ఆమెనే అడగాలి. తొమ్మిదేళ్ళు కూర్చుంది. సీరియల్ మధ్యలో నెట్ ఆగిపోయినవాళ్ళు తిట్టే తిట్లన్నీ ఆ చెవుల్లోనే పడ్డాయి. మొగల్తూరు చేపలవాళ్ళ పిల్ల, నరసాపురంలో డిగ్రీ చదివింది, ఎంతకని పడుతుంది? ఆఫీసులో పక్కన పడేసిన రెండు పాత రూటర్లను అడిగి ఇంటికి తెచ్చుకుని, వంటయ్యాక వాటి ముందు కూర్చుని, తప్పులు చేసుకుంటూ తనంతట తనే పని నేర్చుకుంది. చెరకు ట్రాక్టరు తోలే భర్త రాజేంద్ర ఇంటికొచ్చి, ఏమే, ఇవాళైనా ఆ ఇద్దరికీ మాటలు కలిశాయా అని వేళాకోళం చేసేవాడు. అతని వేళాకోళానికేం గానీ, ఆర్నెల్ల కిందట ప్రసన్నకుమార్ గారు ఆమెను ఫోన్ల మీంచి లేపి లైన్ల పని అప్పజెప్పారు. ఇప్పుడు ఆ కుర్చీయే పోయేట్టుంది.

అసలు సంగతేమిటంటే, సోమవారం ఉరుముల్లో మొగల్తూరు రూటరు కాలిపోయింది. రూటరంటే దారి చూపే పెట్టె. తణుకు పెట్టె, మొగల్తూరు పెట్టె ఏ దారి ఎటు పోతుందో ఒకదానికొకటి చెప్పుకుంటేనే అక్కడ ఇళ్ళలో ఇంటర్నెట్ వస్తుంది. అవేమో ఊరికే మాట్లాడుకునే రకం కాదు. పది సెకన్లకోసారి ఒకటి హలో అంటుంది. రెండోది ఆ హలో విని ఏరియా నంబరు కలిసిందా, హలోల మధ్య వ్యవధి కలిసిందా, పాస్‌వర్డ్ కలిసిందా అని ఆరా తీస్తుంది. అన్నీ కుదిరితే తన పట్టీలో నైబర్, అంటే పొరుగు అని రాసుకుంటుంది. ఒక్కటి తేడా వచ్చినా మొహం తిప్పేసుకుంటుంది. మనుషులకు అంత పట్టింపు లేకపోబట్టే మనకు వీధులంటూ ఉన్నాయి.

కొత్త పెట్టె పెట్టారు. తణుకు వైపు సెట్టింగులన్నీ వీరదుర్గ కొట్టేసింది. మొగల్తూరు వైపువి అక్కడున్న మనిషే కొట్టాలి, ఎందుకంటే రెండూ కలిసేదాకా ఇక్కణ్ణుంచి అందులోకి పోయే వీల్లేదు. అక్కడున్నది లైన్‌మన్ దొరబాబు. అరవై దగ్గర పడ్డా స్తంభాలెక్కే మనిషి, కోపం మాత్రం ముక్కు మీదే ఉంటుంది. ఫోన్లో వీరదుర్గ ఒక్కొక్కటీ చెబుతుంటే ఆయన ల్యాప్‌టాప్ మీద ఒక వేలితో కొట్టుకుంటూ వచ్చాడు.

పదకొండున్నరైంది. కేబుల్ బాగానే ఉంది. ఏరియా ఇటూ సున్నా, అటూ సున్నా. వ్యవధి ఇటూ పది, అటూ పది. అయినా తెర మీద పాస్‌వర్డ్ కలవలేదన్న ఒక్క ముక్క పడుతూనే ఉంది.

ఆ పాస్‌వర్డ్ వీరదుర్గ పెట్టిందే. దొరబాబు ఏటా లోవ కొండకు వెళ్ళి అక్కడి అమ్మవారికి మొక్కు చెల్లించుకొస్తాడు కదా, ఆ పేరైతే మరిచిపోడని తలుపులమ్మ అని పెట్టింది. ఇంగ్లీషులో అన్నీ చిన్న అక్షరాలే, మధ్యలో ఖాళీ వద్దు అని కూడా జాగ్రత్తగా చెప్పింది. రూటరేమో పాస్‌వర్డును పిచ్చి రాతగా మార్చి దాచేస్తుంది, చూసి పోల్చుకునే దారి లేదు. తన వైపు రెండుసార్లు మళ్ళీ కొట్టింది. ఆయన చేత మూడుసార్లు కొట్టించింది. నాలుగోసారి కొట్టండి బాబాయ్ అనేసరికి ఆయనకు ఎక్కడ లేని రోషం వచ్చింది.

"ఏంటమ్మాయ్, తలుపులమ్మ పేరు నాకు రాదంటావా? నువ్వు పుట్టకముందు నుంచీ ఆ కొండెక్కుతున్నాను నేను" అని టపీమని ఫోన్ పెట్టేశాడు.

ఇంజినీరు ఏలూరు దాటాడని ప్రసన్నకుమార్ గారు తలుపు దగ్గర నిలబడి చెప్పి వెళ్ళారు. ఇంతేలే, నా మొహానికి ఆ ఫోన్లే రాసిపెట్టి ఉన్నాయి అనుకుంది వీరదుర్గ. కళ్ళ నిండా నీళ్ళొచ్చాయి.

అంతలో దొరబాబు దగ్గర నుంచి వాట్సాప్ వచ్చింది. కోపం దిగినట్టుంది. అందరూ పంపుకునే పద్ధతిలోనే, తెలుగు మాటలు ఇంగ్లీషు అక్షరాల్లో: అమ్మాయ్, తలుపులమ్మ మీద ఒట్టు, సరిగ్గానే కొట్టాను.

వీరదుర్గ చదివింది. మళ్ళీ చదివింది. తలుపులమ్మ అన్నచోట టీ పక్కన ఏ ఉంది. ఆమె పాస్‌వర్డులో టీ పక్కన హెచ్ పెట్టింది. ఓరి దేవుడా! బళ్ళో ఆమెకు 'త' అంటే టీ, హెచ్ అని నేర్పారు. ఆయనకు ఎవరూ నేర్పలేదు, టీతో సరిపెట్టుకున్నాడు. ఫోన్లో ఇద్దరూ పలికింది ఒకే అమ్మవారిని, రూటర్లకు మాత్రం ఇద్దరు అమ్మవార్లయ్యారు. ఇద్దరికీ ఉగ్గుపాలతో వచ్చిన పేరు కాబట్టే, అక్షరాలు విడదీసి చెప్పుకోవాలని ఇద్దరికీ తోచలేదు.

ఆమె వెంటనే ఫోన్ చేసింది. ఆయనేదో అనబోతుంటే, తప్పు మీది కాదు బాబాయ్, మీరేం ముట్టుకోకండి, నేనే మీదానికి తగ్గట్టు మార్చుకుంటాను అంది. తన వైపు హెచ్ తీసేసి మళ్ళీ కొట్టింది. తెర మీద హలో అందినట్టు పడింది. కాసేపటికి మొగల్తూరు పేరు పక్కన ఫుల్, అంటే పూర్తిగా కలిసినట్టు, అని పడింది. రెండు పెట్టెలూ నైబర్లయ్యాయి. వీరదుర్గకు ప్రాణం లేచొచ్చింది. కుర్చీలో వెనక్కి వాలింది. అవతల దొరబాబు, ఎదురింట్లో టీవీ మోగుతోందమ్మా, విను విను అని ఫోన్ కిటికీ బయట పెట్టాడు.

ప్రసన్నకుమార్ గారు వచ్చి ఆమె వెనకే నిలబడి తెర చూశారు. చూసి, జేబులోంచి ఫోన్ తీశారు.

"మీరు దారిలో గూడెం దగ్గరే వెనక్కి తిరిగెయ్యండి సార్, పనైపోయింది. మా ఇంజినీరు గారు చేసేశారు."

ఎవరని అడిగినట్టున్నారు అటువైపు.

"వీరదుర్గ గారని. ఇకమీదట లైన్లన్నీ ఆవిడే చూసుకుంటారు."

తొమ్మిదేళ్ళుగా ఆయన నోట ఆమె పేరు "ఇదిగో అమ్మాయ్" తప్ప ఇంకోటి కాదు. వీరదుర్గ తెర వైపు నుంచి తల తిప్పలేకపోయింది. చెవి దగ్గర దొరబాబు ఇంకా లైన్లోనే ఉన్నాడు. ఇక్కడి మాటలు సరిగ్గా వినపడక, మన ఓనరు ఏమంటున్నాడమ్మా అని కంగారు పడిపోతున్నాడు.

"గారు అంటున్నారు బాబాయ్" అంది.