మనీప్లాంట్ కుండీలో రాళ్లు

పోయినవి ఏడు రాళ్లు. ఒక్కొక్కటి నిమ్మకాయంత ఉంటుంది. ఐర్లాండులోని ఒక చిన్న పాత ఊళ్లో, వెనకటి కరువులో చనిపోయినవాళ్ల గుర్తుగా, మనిషికొకటి చొప్పున చర్చి గోడ పక్కన పేర్చిన రాళ్లవి. లెక్క తప్పకూడదని ఒక ముసలావిడ రోజూ వాటిని ఎంచుతుందని గైడ్ చెప్పాడు.

అమెరికాలో మేముండే హెర్న్‌డన్ నుంచి మాతో టూర్‌కి వచ్చిన పక్కింటాయన ఆ మాట నా పక్కనే నిలబడి విన్నాడు. ఊరికే దొరికింది ఏదైనా జేబులో వేసుకోవడం ఆయన అలవాటు. విమానంలో పంచదార పొట్లాలు, హోటల్లో సబ్బులు. "ఫ్రీయే కదండీ" అంటాడు. ఉబ్బిన ఆ జేబులు చూస్తేనే నాకు రోత.

తిరిగొచ్చిన పదిరోజులకు వాళ్లింటికి కాఫీకి వెళ్లాను. మనీప్లాంట్ కుండీలో, మట్టి మీద తెల్లగా రాళ్లు కనిపించాయి.

"ఇవి అక్కడివేనా?"

"సూపర్‌గా సెట్ అయ్యాయి కదా! సెవెన్ తెచ్చా. ఫ్రీయే కదండీ."

"అవి మనుషులండీ."

"అబ్బా, మీతో ఇదే ప్రాబ్లం సార్. స్టోన్స్‌కి కూడా ఆడిట్ చేస్తారు."

కాఫీ పక్కన పెట్టి ఒక్కొక్కటే ఏరాను. ఆరే ఉన్నాయి. ఏడోది గరాజ్ తలుపు మూసుకోకుండా అడ్డం పెట్టాడట. తర్వాత ఏమైందో చూడలేదట. ఇద్దరం వెతికాం, దొరకలేదు. ఆయన నవ్వుతూనే వెతికాడు.

ఆరింటినీ కడిగి, క్షమాపణ ఉత్తరంతో పోస్ట్ చేశాను. అక్కడ ముసలావిడ ఎంచుతూనే ఉంటుంది. ఆ ఊరికి మేం ఇప్పటికీ ఒక మనిషి బాకీ.