కొబ్బరిచిప్పల బొగ్గు

అమలాపురంలో కెమిస్ట్రీ పాఠాలు చెబుతూ, కొబ్బరిచిప్పల బొగ్గుతో కరెంటు నిలవచేసే పలకల మీద నేను పరిశోధన మొదలుపెట్టేనాటికి మావారు మస్కట్‌లో పనిచేసేవారు. సెలవుకి వచ్చినప్పుడు మలికిపురం కొబ్బరి కొట్ల నుంచి చిప్పలు గోనెసంచిలో వేసుకొచ్చి, నేను వాటిని కాల్చి పొడి చేసేదాకా నా పక్కనే కూర్చున్నారు.

ఆయన వెళ్ళాక నెలల తరబడి ఆ పలకలు చార్జి నిలుపుకోలేదు. ఒక శుక్రవారం మధ్యాహ్నం మాత్రం, కరెంటు తీగలు ఊడదీసినా పలకలకు కలిపిన చిన్న ఎర్రబల్బు వెలుగుతూనే ఉంది. పిలిచి చూపించడానికి ల్యాబులో ఎవరూ లేరు. అది ఆరిపోయేదాకా ఒక్కదాన్నే చూస్తూ నిలబడ్డాను.

సాయంత్రం ఆయన ఫోన్ చేసి, ఎప్పటిలాగే అడిగారు.

"వెలిగిందా?"

"ఆయ్, వెలిగిందండీ."

"ఎలా ఉంది వెలుగు?"

"చిన్నదండీ. ఎర్రగా ఉంది."

"ఇంకా చెప్పు."

"ఆరిపోయేదాకా చూస్తూ నిలబడ్డానండీ."

"నువ్వు చూసేవు కదా, చాల్లే," అన్నారు.

మరుసటి సెలవుకి ఆయన వచ్చేసరికి ఇంకా మంచి పలకలు తయారయ్యాయి. బల్బు వెలిగించి చూపిస్తే ఎంతో సంతోషించారు. నాకు మాత్రం ఆ శుక్రవారమే ఆయన పక్కన ఉండి ఉంటే బాగుండునని ఇప్పటికీ అనిపిస్తుంది.