సీసం కరిగించిన చలికాలం

కాన్సస్‌లో నేను బస్సు దిగేసరికి మధ్యాహ్నం మూడు. నవంబరు నెల. చెట్లు లేవు, కొండలు లేవు. ఎండిన గడ్డి, దాని మీద ఆకాశం. డఫెల్ బ్యాగ్ భుజాన వేసుకుని నిలబడితే గాలి పక్కకు తోసింది. డెబ్బైల దశకం అయిపోవస్తోంది. వియత్నాం ముగిసింది. ఇంకో యుద్ధం లేదు. నాకు పందొమ్మిదేళ్ళు. పుట్టింది గుంటూరు. అమ్మకు నర్సు ఉద్యోగం వస్తే ఆమె వెంట న్యూజెర్సీ వచ్చాను. హైస్కూలు కాగానే సైన్యంలో చేరాను.

నన్ను అక్కడి సైనిక స్థావరంలో, కాల్పులు సాధన చేసే ఫైరింగ్ రేంజ్‌లో వేశారు. ఆ స్థావరానికి ఒక పిస్తోలు జట్టు ఉండేది. వసంతంలో పోటీలు. జట్టు సాధనకు తూటాల పోతలో సాయం చేయడం, గురి కార్డులు మార్చడం నా డ్యూటీ.

జట్టును నడిపేది ఒక సార్జెంట్. నలభై దాటినవాడు, టెక్సస్ మనిషి. రెండుసార్లు వియత్నాం వెళ్ళొచ్చాడు. కిందటి ఏడు రెండో స్థానంలో ఆగిపోయాడనీ, ఈ పోటీ కాగానే రిటైరవుతాడనీ ఆర్మరర్ చెప్పాడు. ఆర్మరర్ అంటే ఆయుధాలు బాగుచేసేవాడు. రేంజ్ టవర్‌లో రేడియో కూడా అతని చేతిలోనే ఉండేది.

సార్జెంట్ నా చొక్కా మీద ఇంటిపేరు చదవబోయి మానేశాడు.

"ఇది నా వల్ల కాదు. ఇంకో పేరేమన్నా ఉందా?"

"సుందరరావు, సార్జెంట్."

"రావ్ చాలు. సీసం ఎప్పుడైనా కరిగించావా?"

"లేదు."

"మంచిదే. చెడ్డ అలవాట్లు ఉండవు. రా."

పోత షెడ్డు రేకులది. లోపల గ్యాస్ పొయ్యి, ఇనప కుండ, ఒక బల్ల. కిటికీకి ప్లాస్టిక్ షీటు కట్టి టేపు వేశారు, చలి రాకుండా. సీసం కొంత, కారు చక్రాలు సరితూగడానికి బిగించే పాత బిళ్ళల నుంచి వచ్చేది. మిగతాది రేంజ్ చివరనున్న మట్టిగట్టులోంచి తవ్వి తెచ్చేవాణ్ణి నేను. పాత తూటాలు, మట్టి, దుమ్ము అన్నీ కలిపి జల్లెడ పట్టి ఇస్తే సార్జెంట్ కరిగించేవాడు. ఆ పని ఇంకొకరికి ఇచ్చేవాడు కాదు. సిగరెట్ అక్కడే, శాండ్‌విచ్ అక్కడే. వేళ్ళు ఎప్పుడూ బూడిదరంగులో ఉండేవి.

డిసెంబరులో ఆయన తూటాలు పోసే కొత్త అచ్చు తెప్పించాడు. మా పిస్తోలుకు వాడే మామూలు తూటా బరువైనది. కొత్త అచ్చులో పోసినది ఆ బరువులో మూడింట రెండు వంతులే ఉంటుంది.

"తేలిక తూటా చేతికి తక్కువగా తంతుంది. ఈమధ్య మణికట్టు త్వరగా అలిసిపోతోంది, రావ్. వయసు," అన్నాడు.

మొదటి రోజు నుంచే ఇబ్బంది. తూటా తేలికైతే వెనక్కి తన్నే బలం తక్కువ. పిస్తోలు పైభాగం, స్లైడ్ అంటారు, పూర్తిగా వెనక్కి పోదు. కాలిన ఖాళీ తొడుగు బయట పడకుండా మధ్యలో ఇరుక్కుంటుంది. అది పడినా, తర్వాతి తూటా మొండి ముక్కుతో బ్యారెల్ అంచుకు గుద్దుకుని ఆగిపోతుంది.

టవర్ నుంచి ఆర్మరర్ గొంతు వినపడేది. "నాలుగో లేన్, ఏమైంది?"

నేను నా చేతి రేడియో మీట నొక్కేవాణ్ణి. "ఇరుక్కుంది."

"మళ్ళీనా?"

"మళ్ళీ."

ఆర్మరర్ బలం తక్కువ స్ప్రింగ్ వేశాడు. తూటా లోపలికి ఎక్కే వాలును అద్దంలా రుద్దాడు. సార్జెంట్ తూటాను తొడుగులో కొంచెం బయటికి ఉండేలా కూర్చాడు. జనవరి మధ్యకల్లా పిస్తోలు ఆగకుండా నడిచింది.

కానీ గురి పోయింది. కార్డు మీద ఒకదాని పక్కన ఒకటి పడాల్సిన చిల్లులు నలుమూలలా పడేవి. సీసం మెత్తగా ఉండి బ్యారెల్‌లో అంటుకుంటోందన్నాడు సార్జెంట్. తగరం కలిపి గట్టిపరిచాడు. తూటాకు రాసే మైనం మార్చాడు. మళ్ళీ పోశాడు, మళ్ళీ కరిగించాడు. తెల్లారి రేంజ్, మిగతా పగలంతా షెడ్డు. గురి చెడేకొద్దీ ఆయన పొయ్యి దగ్గర గడిపే సమయం పెరిగింది.

తిండి తగ్గింది. కడుపు పట్టుకుని బల్ల మీదికి వంగేవాడు. ఒకరోజు నా పేరు మర్చిపోయి, అందుకు నా మీదే కేకలేశాడు. నాకేమీ అనిపించలేదు. ఆ చలిలో ఎవరికీ ఏమీ అనిపించేది కాదు. తవ్వడం, జల్లెడ పట్టడం, తినడం, పడుకోవడం.

ఫిబ్రవరిలో ఆర్మరర్ నన్ను పక్కకు పిలిచాడు. "ఆ పిస్తోలు ఇసుక సంచి మీద ఆనించి నువ్వు కాల్చు. అవే తూటాలు."

కాల్చాను. యాభై గజాల దూరంలో పదికి పది కాఫీ కప్పు మూతి అంత చోటులో పడ్డాయి. ఆర్మరర్ కార్డు చూసి నా చేతికే తిరిగిచ్చాడు.

"నువ్వే చూపించు," అన్నాడు.

చూపించాను. సార్జెంట్ చాలాసేపు చూశాడు. బల్ల మీది కుడిచేతిని పైకెత్తాడు. ముంజేయి లేచింది. అరచేయి లేవలేదు. మణికట్టు దగ్గర కిందికి వేలాడింది.

"తూటాలు బాగానే ఉన్నాయన్నమాట," అన్నాడు.

ఆదివారం అమ్మకు ఫోన్ చేశాను.

"ఏరా, గొంతు అట్లా ఉందేంటి? ప్రేయర్‌కి వెళ్ళావా?"

"వెళ్ళానమ్మా. మా సార్జెంట్‌కి చెయ్యి లేవట్లేదు."

"భుజమా, మణికట్టా?"

"మణికట్టు. వేలాడిపోతోంది."

"కడుపునొప్పి అంటాడా?"

"అంటాడు. నీకెట్లా తెలుసు?"

"సీసంతో ఏమన్నా పని చేస్తాడా?"

"రోజంతా కరిగిస్తాడు."

"అది సీసం విషం రా. బ్యాటరీ ఫ్యాక్టరీలో చేసేవాళ్ళు మా వార్డుకి వచ్చేవాళ్ళు, అచ్చం ఇట్లాగే. రేపే బ్లడ్ టెస్ట్ చేయించుకోమను. నువ్వూ చేయించుకో. వింటున్నావా?"

"వింటున్నా."

మర్నాడు షెడ్డులో చెప్పాను. సార్జెంట్ కుండలో గరిటె తిప్పుతూనే విన్నాడు.

"మీ అమ్మ డాక్టరా?"

"నర్సు."

"టెస్ట్ అంటే నన్ను జట్టులోంచి తీసేస్తారు. పోటీ అయిపోనీ, వెళ్తాను."

"కనీసం తలుపన్నా తీయండి, సార్జెంట్."

ఆయన లేచి తలుపు తీశాడు. గాలి ఒక్క తోపుతో లోపలికి వచ్చి పొయ్యి ఆర్పేసింది. తలుపు మూసి, మళ్ళీ అగ్గిపుల్ల గీశాడు. నేను ఆ రోజే వెళ్ళి టెస్ట్‌కి రక్తం ఇచ్చాను. ఆర్మరర్‌కి చెప్పాను. అతను పైఅధికారికి చెబుతానన్నాడు.

ఆ వారమే బుధవారం, పొద్దున సాధన. ఎండ ఉంది కానీ వేడి లేదు. నేను సార్జెంట్ ఎడమ పక్క నిలబడి దుర్భిణీలోంచి కార్డు చూస్తున్నాను. ఆయన పిస్తోలు ఎత్తాడు. గురి పట్టేలోపు మణికట్టు మడతపడింది. వేలు ట్రిగ్గర్ మీదే ఉంది. తూటా నా బూట్లకు ఒక జాన దూరంలో కంకరలోకి దిగింది. రాళ్ళు నా మోకాళ్ళకు తగిలాయి.

"కాల్పులు ఆపండి. అందరూ కింద పెట్టండి." టవర్ లౌడ్‌స్పీకర్. తర్వాత రేడియోలో, మెల్లగా, "రావ్, తగిలిందా?"

"లేదు."

సార్జెంట్ పిస్తోలు ఎడమచేత్తో బల్ల మీద పెట్టాడు.

"దీన్ని ఖాళీ చెయ్యి," అన్నాడు. మ్యాగజైన్ తీసి, ఛాంబర్ ఖాళీ చేశాను.

"వెళ్ళి జీప్ తీసుకురా."

ఆసుపత్రికి నేనే డ్రైవ్ చేశాను. సగం దారి ఆయన కిటికీలోంచి గడ్డినే చూశాడు. తర్వాత అడిగాడు. "నువ్వు సంచి మీద ఆనించి కాల్చిన కార్డు, ఉందా?"

"ఉంది."

"మంచి తూటా అది."



ఆయన రక్తం నిండా సీసమే అన్నారు. నాకూ ఉంది, కొద్దిగా. నేను ఎక్కువగా బయట తిరిగేవాణ్ణి. షెడ్డుకు తాళం పడింది. తలుపులు మూసుకుని కరిగించమని ఆయనకు ఎవరూ చెప్పలేదు. వద్దని కూడా ఎవరూ చెప్పలేదు. పోటీకి జట్టు ఆయన లేకుండా వెళ్ళింది. వాళ్ళు ఎన్నో స్థానంలో వచ్చారో నేను అడగలేదు. కడుపునొప్పి తగ్గింది, మతిమరుపు కొంత తగ్గింది. మణికట్టు మాత్రం కుదురుకోలేదు. ఆసుపత్రి నుంచే రిటైర్ చేశారు.

నా డ్యూటీ ముగిశాక న్యూజెర్సీ వచ్చాను. ఒకరింటి బేస్‌మెంట్‌లో తెలుగు ప్రార్థన జరిగేది. భోజనాల దగ్గర ఒక అంకుల్ అడిగారు.

"ఏం బాబూ, ఎవర్నైనా కాల్చావా?"

"లేదు అంకుల్. రేంజ్‌లో డ్యూటీ."

"పోన్లే, సేఫ్ జాబే కదా."

"అవునంకుల్."

అమ్మ నా ప్లేట్లో ఇంకొంచెం అన్నం పెట్టింది. అది తిన్నాను.

ఇన్నేళ్ళలో చాలా మర్చిపోయాను. ఆ స్థావరం గేటు ఎలా ఉండేదో గుర్తు లేదు. ఆర్మరర్ ముఖం కూడా సరిగ్గా రాదు. ఒక్కటే పోదు. నాకు వేరే స్థావరానికి బదిలీ అయినప్పుడు సార్జెంట్‌కి చెప్పి వెళ్దామని ఆసుపత్రికి వెళ్ళాను. మంచం అంచున కూర్చుని ఉన్నాడు, గడ్డం గీసుకుని, ఆసుపత్రి నీలం గౌనులో. లేచి నిలబడ్డాడు. నేను చెయ్యి చాపాను. ఆయనా చాపబోయాడు. అప్పుడు తన కుడిచేతిని ఎడమచేత్తో, అది ఎవరిదో వస్తువైనట్టు, జాగ్రత్తగా పైకెత్తి తెచ్చి నా అరచేతిలో పెట్టాడు.