గైర్హాజరైన పాఠం

నలభై నిమిషాల పీరియడ్‌లోంచి యాభై నిమిషాల పాఠం పిండినవాణ్ణి జహీరాబాదు మొత్తంలో నేనొక్కణ్ణే. గంట కొట్టంగనే నా చాక్‌పీసు బోర్డెక్కేది, మళ్లీ గంట కొట్టేదాకా దిగేది కాదు. నా క్లాసులో పిల్లలు దగ్గాలన్నా సెలవు అడిగేవాళ్లు.

ఇంత చెప్పినంక జర దమ్ము తీసుకుని నిజం కూడా చెప్పాలె. రిటైరై ఇంట్ల కూసున్న నన్ను పోయినేడు బొంబాయి రోడ్డు పక్కనున్న ఒక ప్రైవేటు బడివాళ్లు పిలిచిన్రు. వాళ్ల తెలుగు టీచరమ్మ కాన్పుకు పోయింది, ఆమె తిరిగొచ్చేదాకా తొమ్మిదో తరగతికి నేను చెప్పాలె. నా పీరియడ్‌లో పావు వంతు హాజరుకు పోయేది. సగం, నేను రాయికోడ్‌లో పనిచేసిన దినాల కతలకు పోయేది. ఇగ చాక్‌పీసంటరా, అది జేబులోనే పిండి అయ్యేది.

ప్రిన్సిపాల్ మేడం కోస్తా నుంచి వచ్చినామె. ఒకనాడు కిటికీ పక్కన నిలబడి నా కత ఆసాంతం విన్నది.

"కథ చాలా బాగుందండీ మాస్టారూ. పాఠం కూడా ఎప్పుడైనా ఒకసారి వినాలని ఉంది," అన్నది.

ఆ మాట ముల్లు లెక్క దిగింది. తెల్లారేసరికి ఒక ఉపాయం తట్టింది: హాజరునే పాఠం చేస్తే అయిపాయె! 'ప్రెజెంట్ సార్' బంద్. నేను రోల్ నంబరు పిలిచి ఒక మాట అంట, వాళ్లు దానికి వ్యతిరేక పదం చెప్పాలె. చెప్తే హాజరు పడ్డట్టే. "లాభం" అంటే "నష్టం". "చీకటి" అంటే "వెలుగు". నా యాభై నిమిషాల లెక్క ఇదే: హాజరు పది, ఆ హాజరు కూడా పాఠమే గనక పాఠం పూర్తి నలభై. ఈ తెలివికి మేడం నాకు శాలువా కప్పుతదనుకున్న.

ఆఖరి బెంచీలో ఒక పిల్ల ఉండేది. ఇంట్ల ఉర్దూ. లెక్కల్లో క్లాసుకే ఫస్టు, తెలుగు దగ్గరికి వచ్చేసరికి తల దించుకునేది. వాళ్ల నాయనకు బడి గోడ అవతలి సందులోనే వెల్డింగ్ షాపు. మార్కులు చూసి ఆయన తేల్చి చెప్పిండట, తెలుగు గురించి ఇంకొక్క ఫిర్యాదు చెవిన పడితే ఈ బడి మాన్పించి ఉర్దూ మీడియంల ఏస్త అని. "నా దోస్తులంత ఈడనే ఉన్నరు సార్. నేను పోను," అని ఆ పిల్ల నాతోటి అన్నది. అందుకే దాని వంతుకు సులువైన మాట ఒకటి ముందే మనసులో పెట్టుకున్న.

హాజరు వేసుడు ఇప్పుడు ఫోన్లనే. గైర్హాజరు నొక్కితే ఆ క్షణంలనే ఇంటికి మెసేజ్ పోతది. నేను తల ఎత్తకుండ నొక్కుకుంట పోతున్న. ఆ పిల్ల నంబరు రాంగనే, పెట్టుకున్న మాట గాలికి పోయింది. ఇన్నేండ్ల అలవాటు నోట్లెకెల్లి వచ్చింది.

"హాజరేనా?"

పిల్ల లేచి నిలబడి, క్లాసంతా అదిరేటట్టు, "గైర్హాజరు సార్!" అన్నది.

నా వేలు అట్లనే గైర్హాజరు నొక్కింది.

క్లాసు గొల్లుమన్నది. ఒక ఫ్యాక్టరీ ఇంజనీరు కొడుకు ముందు బెంచీలోంచి, "మాస్టారూ, ఆ అమ్మాయి ఇక్కడే ఉందండీ!" అని అరిచిండు.

"పాఠం నడుస్తుంటే మాట్లాడి టైం ఖరాబు చెయ్యకు," అని వాణ్ణి కూసోబెట్టిన.

బోర్డు మీద పాఠం పేరు రాసిన్నో లేదో, తలుపు దగ్గర పిల్ల తండ్రి. వెల్డింగ్ కళ్లద్దాలు ఇంకా నుదుటి మీదనే ఉన్నయి. వెనక మేడం.

"సార్! మా బిడ్డ యాడ? పొద్దుగాల నేనే బండి మీద దించిన!"

"అబ్బా, ఈడనే ఉన్న," అన్నది ఆఖరి బెంచీలోంచి పిల్ల. వాళ్లింట్ల నాయనను అబ్బా అనే పిలుస్తరు.

ఆయన బిడ్డను చూసిండు, చేతిలో ఫోన్ చూసిండు, నన్ను చూసిండు. భయం దిగి కోపం ఎక్కింది.

"ఈడ కూసోని గూడ గైర్‌హాజిరా? ఇది గూడ తెలుగు గడ్‌బడేనా? బస్, అయిపోయింది. బ్యాగు తీయ్, నడువు!"

పిల్ల బ్యాగు పట్టుకున్నది గని లేవలేదు. కండ్లనిండ నీళ్లు.

"భాయ్, జర ఆగు," అన్న. "తప్పు నీ బిడ్డది కాదు, నా వేలుది. హాజరుకు వ్యతిరేకం చెప్పాలె. నీ బిడ్డ చెప్పింది. సరిగ్గ చెప్పింది."

"గైర్‌హాజిర్ తెలుగు మాటనా?"

"తెలుగే. పేపర్ల రోజు వస్తది."

ఆయన నమ్మలే. "ఇంకోటి అడుగుండ్రి, నా ముందల్నే."

"సవాలు," అన్న.

"జవాబు," అన్నది పిల్ల, ముక్కు తుడుచుకుంట.

"అసలు?"

"నకిలీ!"

ఆయన మొఖం మెల్లగ విప్పారింది. "అరే, ఇవన్ని మా ఇంటి మాటలే గద! వీటికి మార్కులేస్తరా?"

"వీటికే."

బ్యాగు మళ్లీ బెంచీ మీదికి చేరింది. ఆ పిల్లకు ధైర్యం రావాలని, తండ్రికి కనువిప్పు కావాలని, ఆ 'హాజరు' మాట నేను కావాలనే అడిగిన్నని స్టాఫ్‌రూంల చెప్పుకున్న. చాయ్ హోటల్లో ఇంకో రెండు మెట్లు పెంచి చెప్పిన. చెప్పంగ చెప్పంగ నాకే నిజమనిపించబట్టింది.

మొన్న మా ఇంటి గేటు విరిగితే ఆ వెల్డింగ్ షాపుకే పోయిన. అక్కడ కూసున్న గిరాకీకి ఇదే కత మొదలుపెట్టిన, యాభై నిమిషాలతో సహా. ఆ పిల్ల, తండ్రికి టిఫిన్ తెచ్చి, పక్కనే నిలబడి ఉన్నది. అదే బడిలో ఇప్పుడు పదో తరగతి. అంతా విన్నది.

"సార్, గైర్‌హాజిర్ మీరు నేర్పలే," అన్నది. "పనోడు రానప్పుడల్ల అబ్బా అదే మాట మీద తిడ్తడు. మల్ల ఆ దినం గంట కొట్టేదాక మీరు అబ్బాకు రాయికోడ్ కతలే చెప్పిన్రు. బోర్డు మీద పాఠం పేరొక్కటే ఉండె. పరీక్షల ఆ చెప్పని పాఠమే వచ్చింది."