పాత బడి గంట

వందేళ్లు దాటిన ఆ బడి కొత్త భవనంలోకి మారిన రోజున కాళ్లూడిన కుర్చీలు కూడా బండెక్కాయి. పెళ్లికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకున్నట్టు చెత్తంతా మోసుకొచ్చినవాళ్లు, ఇత్తడి గంటను మాత్రం మరిచిపోయారు. అప్పటి పెద్ద మేష్టారు బంట్రోతును అతని భార్య ఎదుటే వెనక్కి పంపారు. వానకు నానిన గోడ, గంట విప్పుతుండగా అతని మీద పడింది. అతనికి ముప్పై నిండలేదు. ఆమె కడుపుతో ఉంది.

కూలిపోయే కొంపలోకి మనిషిని పంపానని చెప్పుకుంటే మేష్టారి మెడకు చుట్టుకుంటుంది. అందుకే ఆయన నోరు విప్పలేదు. చేతిలో గంటతో చచ్చినవాణ్ణి ఊరు గంట దొంగ అంది. ఆ గంటనే కొత్త బడిలో కట్టి, కొట్టే పని ఆమెకిచ్చారు. నిజం చెబితే ఆ పని పోతుంది, పొట్ట గడవాలి కనుక పాతికేళ్లు కొట్టింది. ఆ పాతికేళ్లూ కూతురు గంట దొంగ కూతురిగానే పెరిగింది.

వచ్చే నెల బడికి కరెంటు గంట వస్తుంది, దాంతో ఆ ఉద్యోగమూ అయిపోతుంది. బడి మారిన పాతికేళ్ల పండగలోనైనా నిజం మైకులో వినపడాలని కూతుర్ని పిలిపించి కూర్చోబెట్టింది. వేదిక మెట్లెక్కుతున్న కొత్త హెడ్మాస్టరుకు అడ్డంపడింది.

"సార్, గంట కొట్టే మా ఆయన పాత బడి కూలి పోయాడు. బడి పని మీదే పోయాడని ఒక్క మాట చెప్పండి సార్."

"అయ్యో, తప్పకుండా చెబుతానమ్మా."

మంచివాడే. మాట నిలబెట్టుకున్నాడు.

"ఈ గంట కొట్టిన పెద్దాయన బడి పనిలోనే పాతబడి కూలిపోయారు. నిండు జీవితం ఆయనది."

చప్పట్లు మోగాయి. వెనక వరసలో ఎవరో, "దొంగకు వయసు కూడా పెంచారే," అన్నారు. నలుగురు కిసుక్కుమన్నారు. కూతురు లేచి నిలబడింది. తల్లి ప్రాణం అక్కడే సగం పోయింది.

సభ ముగిశాక హెడ్మాస్టరు దగ్గరికొచ్చాడు. "చెప్పాను కదా ఆయా, సంతోషమేనా?"

"ఆయన ముసలాడు కాలేదు సార్. నేనయ్యాను."

"అందరం అవుతాం లేమ్మా," అని నవ్వి, ఆయన అతిథుల వైపు తిరిగాడు. "ఇక గంట కొట్టు. పిల్లలు ఇళ్లకు పోవాలి."

ఆమె కొట్టింది. గేటు దాటుతున్న కూతురు వెనక్కి తిరగలేదు.