శనివారం దిగే గ్యాస్ నూనె

మా కంట్రోలు దుకాణంలో సర్కారు ధరకు అమ్మే గ్యాస్ నూనె, అదే కిరోసిన్, మూడు నెలలుగా శనివారమే దిగుతోంది. శనివారం నూనె ఇంటికి తేకూడదని మా వాడలో ఎవరూ వెళ్లరు. సోమవారానికి పీపా ఖాళీ. దుకాణం వెనుక తలుపు దగ్గర మాత్రం రెట్టింపు ధరకు దొరుకుతుంది.

ఈ శనివారం పక్కింటి రాజవ్వ దీపంలో చుక్క నూనె లేదని, రేపు ఇవ్వాల్సిన చీరను మగ్గం మీద సగంలో ఆపి కూర్చుంది. ఆమెను వెంటబెట్టుకుని డబ్బాతో బయలుదేరాను.

దుకాణదారు మమ్మల్ని చూసి చెంపలు వేసుకున్నాడు. "పెద్దవ్వా, ఇయ్యాల నూనె కొంటే శని పడుతది!"

"కొంటెనే పడుతదా? అమ్మితే పడదా? పొద్దటి సంది పీపా పక్కనే కూసున్నవు, నీకేమన్న అయిందా? డబ్బా నింపు," అన్నాను.

నింపాడు. మా నిండు డబ్బా చూసి మధ్యాహ్నానికల్లా వాడంతా వరుసలో నిలబడింది.

అంతకుముందు, ఇంటికి వచ్చే దారిలో రాజవ్వ మెల్లగా అడిగింది. "పెద్దవ్వా, నిజంగనే శని వస్తే?"

"మా ఇంటికి పంపు. వచ్చే వారం వరుసల నిలవెడత."

మీ వాడలో పీపా ఏ రోజు దిగుతుందో కాస్త చూసి చెప్పండి.